తెల్ల కణాల పుట్టుపూర్వోత్తరాలు వెతికిన మెచ్నికాఫ్

పరాయి ఊళ్లో ఇద్దరు తెలుగువాళ్లు కలుసుకొంటే ముందుగా వచ్చే ప్రశ్నలు రెండు. స్వగ్రామం ఎక్కడ అన్నది ఒకటి. ఇక్కడ ఏం చేస్తున్నారన్నది రెండవది. మొదటి ప్రశ్నకు జవాబుగా చెప్పే ఊరిని చెప్పేవారు ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు; అది తాతముత్తాతల నాటి పేరు. రెండవదానికి జవాబు రోజూ నడిచే దారి. ఒకటి తెలిసినంత మాత్రాన రెండవది తెలియదు. మన నెత్తురులో తిరుగుతూ మనలను రోగాలనుంచి కాపాడే తెల్ల కణాలను గూర్చి కూడ శాస్త్రజ్ఞులు నూటనలభై ఏండ్లుగా ఈ రెండు ప్రశ్నలే వేస్తున్నారు. ఈ కణం ఎక్కడ పుట్టింది? ఏం పని చేస్తుంది? ఈ రెంటినీ ఒకచోట చేర్చి మొదట ఆలోచించినవాడు జంతుశాస్త్రం చదివిన ఇల్యా మెచ్నికాఫ్. వైద్యశాస్త్రంలో ఆయనకు పట్టా లేదు. ఆ లోటును ఎత్తి చూపినవారికీ ఆయన కాలంలో కొదవ లేదు.

ఆయన 1845 వ సంవత్సరం మే నెలలో, నేడు యుక్రేనులో ఉన్న ఖార్కోవ్ ప్రాంతంలో ఒక పల్లెటూరి భూస్వామి ఇంట జన్మించినాడు. తండ్రి జారు చక్రవర్తి అంగరక్షక దళంలో అధికారిగా పని చేసినవాడు. తల్లి యూదుల ఇంటి ఆడపడుచు. అయిదుగురు సంతానంలో కడపటివాడు మెచ్నికాఫ్. మొక్కలనూ పురుగులనూ పోగుచేయడం, వాటిని గూర్చి తోటి పిల్లలకు ఉపన్యాసాలివ్వడం చిన్ననాటనే అలవాటు. వినేవాళ్లు దొరకకపోతే తన చేతిఖర్చు డబ్బులిచ్చి మరీ కూర్చోబెట్టేవాడట. ఖార్కోవ్ విశ్వవిద్యాలయంలో నాలుగేండ్ల చదువును రెండేండ్లలో ముగించి, 1864 లో జర్మనీ వెళ్లినాడు. మరుసటి సంవత్సరం గీసెన్ పట్టణంలో నేలమీద పాకే ఒక బల్లపరుపు పురుగును పరీక్షిస్తూ, దాని కడుపులోని కణాలు ఆహారపు తునకలను తమలోకి లాక్కొని అక్కడనే జీర్ణం చేసుకోవడం గమనించినాడు. అప్పటికి అది ఒక చిన్న వింత మాత్రమే. దాని విలువ పదిహేడేండ్ల తరువాత గాని తెలియలేదు.

అక్కడనుంచి నేపుల్సు చేరి, కొవలెవ్‌స్కీ అనే స్వదేశస్థునితో కలిసి సముద్ర జీవుల పిండాలు ఎట్లా పెరుగుతాయో పరిశోధించినాడు. చాలావరకు జంతువులు పిండదశలో పైపొర, నడిమిపొర, లోపలిపొర అని మూడు పొరలుగా ఏర్పడుతవి. చర్మం, నరాలు పైపొరనుంచి వస్తవి. జీర్ణకోశపు లోపలి గోడ లోపలిపొరనుంచి వస్తుంది. కండలు, ఎముకలు, నెత్తురు నడిమిపొర సంతానం. ఏ అవయవం ఏ పొరకు చెందిందో తేల్చడమే ఆ రోజుల్లో పిండోత్పత్తి శాస్త్రజ్ఞుల పెద్ద పని. ఒక రకంగా అది జీవుల అవయవాలకు వంశవృక్షం వ్రాయడమే. ఈ విద్యలో ఆరితేరినవాడు కాబట్టే తరువాత ఏ కణాన్ని చూచినా దాని పుట్టింటిని అడగడం ఆయనకు స్వభావమైంది.

ఇరవైరెండేండ్లకే ఒడెస్సా విశ్వవిద్యాలయంలో ఉపన్యాసకుడైనాడు. 1869 లో లుద్మిలా అనే యువతిని పెండ్లాడినాడు. ఆమెకు అప్పటికే క్షయ. పెండ్లినాడు చర్చివరకు నడిచే ఓపిక లేక ఆమెను కుర్చీలో మోసుకొని వెళ్లవలసి వచ్చింది. నాలుగేండ్లు ఆమెను బ్రతికించుకోవాలని ఎండకాచే దేశాలన్నీ త్రిప్పినాడు. 1873 లో మదీరా ద్వీపంలో ఆమె చనిపోయింది. మెచ్నికాఫ్ మార్ఫీను మింగినాడు. మోతాదు మరీ ఎక్కువైనందువల్ల వాంతి అయి బ్రతికినాడు. ఆ రోజుల్లోనే జెనీవాలో ఒక వంతెన మీద నిలబడి ఉండగా, మనవైపు వానాకాలంలో ఉసిళ్లు ముసిరినట్లు, దీపం చుట్టూ రెక్కల పురుగులు ముసరడం కంటబడింది. ఇంత కొద్దికాలం బ్రతికే ప్రాణి విషయంలో డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం ఎట్లా పనిచేస్తుందని ఆలోచనలో పడి, చావుమాట మరచిపోయినాడని ఆయన జీవితచరిత్రలో ఉంది. నమ్మశక్యంగా లేకపోయినా, ఆయనను ఎరిగినవారికి ఇది అతిశయోక్తి అనిపించి ఉండదు.

1875 లో ఓల్గా అనే చదువుకొనే పిల్లను వివాహమాడినాడు. ఆమె చివరివరకు ఆయన ప్రయోగశాలలో సహాయకురాలు, తరువాత ఆయన జీవితచరిత్ర వ్రాసిన రచయిత్రి. 1881 లో మరొకసారి ప్రాణానికి తెగించి, తిరగబెట్టే జ్వరపు రోగి నెత్తురును తన ఒంట్లోకి ఎక్కించుకొన్నాడు. ఈ జ్వరం నెత్తురు ద్వారా అంటుతుందా లేదా తెలుసుకోవడం దాని ఉద్దేశం. చాలా జబ్బుపడి లేచినాడు. అదే సంవత్సరం చక్రవర్తి హత్య జరగడం, విశ్వవిద్యాలయాలలో రాజకీయాలు ముదరడంతో, 1882 లో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, తల్లిదండ్రులను కోల్పోయిన ఓల్గా చెల్లెళ్లను తమ్ములను వెంటబెట్టుకొని సిసిలీ ద్వీపంలోని మెస్సీనా పట్టణంలో కాపురం పెట్టినాడు. జీతం లేదు, పదవి లేదు. సముద్రపు ఒడ్డున ఇల్లు, ముందుగదిలో సూక్ష్మదర్శిని, అంతే.

ఆ డిసెంబరులో ఒకనాడు ఇంటిల్లిపాదీ కోతుల ఆట చూడడానికి సర్కస్‌కు వెళ్లినారు. ఆయన ఒక్కడే ఇంట ఉండి నక్షత్ర చేప పిల్లలను సూక్ష్మదర్శినిలో చూస్తున్నాడు. ఆ పిల్లలు గాజువలె ఉంటవి. ప్రాణంతో ఉండగానే లోపలి కణాల కదలిక యావత్తూ కనబడుతుంది. వాటిలో కొన్ని కణాలు ఒకచోట నిలవక తిరుగుతూ ఉంటవి. ఈ తిరుగుడు కణాల పని ఏమిటి? అవి నడిమిపొరకు చెందినవని ఆయనకు తెలుసు. పరాయి వస్తువేదైనా లోపలికి వస్తే అడ్డుకోవడానికే ఇవి ఉన్నవేమో అన్న ఊహ తటాలున తోచింది. అదే నిజమైతే, నెత్తురూ నాళాలూ లేని ఈ చిన్న ప్రాణికి ముల్లు గుచ్చితే, మన వేలిలో ముల్లు విరిగినప్పుడు చుట్టూ చీము చేరినట్లు, కణాలు వచ్చి ముల్లును చుట్టుముట్టాలి. ఇంటి తోటలోని గులాబి కొమ్మనుంచి సన్నని ముళ్లు తెచ్చి, ఆ పిల్లల చర్మం కిందికి గుచ్చినాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారుఝామున చూస్తే కణాలు గుంపుగా చేరి ముల్లును చుట్టుకొని ఉన్నవి.

ఇందులో విశేషమేమిటని చదువరులు అనుకోవచ్చు. చీములో తెల్ల కణాలు ఉంటాయన్న సంగతి వైద్యులందరికీ అప్పటికే తెలుసు. తెల్ల కణాల కడుపులో సూక్ష్మజీవులు ఉండడం చూచినవారూ ఉన్నారు. అయితే ఆ కణాలు రోగాన్ని ఒంటినిండా మోసుకొనిపోయే బండ్లని వారి అభిప్రాయం. మెచ్నికాఫ్ దాన్ని తలక్రిందులు చేసినాడు. ఆయన వాదం ఇట్లా సాగింది. స్పంజీవంటి మిక్కిలి క్రింది తరగతి జీవులలో నడిమిపొర కణాలు ఆహారాన్ని మింగి జీర్ణం చేస్తవి. పైతరగతి జంతువులలో ఆ పని జీర్ణకోశం తీసుకొంది. నడిమిపొర కణాలకు తిండి పని తప్పిపోయినా, మింగే అలవాటు పోలేదు. ఆ పాత అలవాటునే ప్రకృతి కాపలాకు వాడుకొంది. గీసెన్ పురుగు కడుపులో చూచినదీ, మెస్సీనాలో ముల్లు చుట్టూ చూచినదీ ఒకే పని. పుట్టుకను బట్టి పనిని ఊహించి, ఆ ఊహను ముల్లుతో పరీక్షించడం ఆయన చేసిన కొత్త సంగతి.

మరుసటి సంవత్సరం వియన్నాలో క్లౌస్ అనే ఆచార్యుని సలహాపై ఈ కణాలకు గ్రీకు భాషలో ఫాగోసైట్లని పేరు పెట్టినారు. మనం భక్షక కణాలందాం. 1884 లో డాఫ్నియా అనే ఆవగింజంత నీటి పురుగులో ఈ సంగతినే అసలైన రోగం మీద చూపించినాడు. ఒక రకం ఈస్టు విత్తనాలు సూదులవలె ఉండి, ఆ పురుగు పేగును చీల్చుకొని ఒంట్లోకి దిగుతవి. భక్షక కణాలు వాటిని మింగివేయగలిగితే పురుగు బ్రతుకుతుంది. ఒకటి రెండు సూదులు తప్పించుకొని మొలకెత్తినవా, పురుగు చస్తుంది. యుద్ధం ఇరుపక్షాలా కంటికి కనబడేటట్లు చూపిన మొదటి పరిశోధన ఇదే అనవచ్చు.

1886 లో ఒడెస్సా నగరంవారు పిచ్చికుక్క కాటుకు పాస్టర్ కనిపెట్టిన చికిత్స ఇవ్వడానికి ఒక కేంద్రం పెట్టి ఆయనను అధిపతిని చేసినారు. స్థానిక వైద్యులు పట్టాలేని మనిషి పెత్తనాన్ని సహించలేదు. దానికి తోడు 1888 లో, ఆయన ఊళ్లో లేని సమయాన దొమ్మరోగపు టీకా వేసిన గొర్రెలు వేలకొద్దీ చచ్చినవి. ఇక ఆ దేశంలో పని సాగదని తెలిసికొని బయలుదేరినాడు. బెర్లినులో కాక్ పండితుడు ముఖం చాటువేసినాడు. పారిసులో ముసలి పాస్టర్ మాత్రం ఆదరంగా పిలిచి, కొత్తగా కట్టిన తన సంస్థలో ప్రయోగశాల ఇచ్చినాడు. నలభైమూడేండ్ల వయసులో ఊరూ భాషా మారి, మిగిలిన ఇరవైఎనిమిదేండ్లూ మెచ్నికాఫ్ అక్కడనే గడిపినాడు.

ఆయన శిష్యులలో ఒకరి పేరు మన ఇళ్లలో కూడ తెలియవలసినది. ఒడెస్సాలో ఆయన దగ్గర చదివిన హాఫ్‌కిన్ యూదుడైనందున అక్కడ పదవి దొరకక, గురువు వెనుకనే 1889 లో పారిసు చేరి, పాస్టర్ సంస్థ గ్రంథాలయంలో పనికి కుదిరినాడు. తీరిక వేళల్లో కలరా టీకా కనిపెట్టి 1893 లో మన దేశానికి వచ్చినాడు. 1896 లో బొంబాయిలో ప్లేగు పుట్టగా, అక్కడనే టీకా తయారుచేసి 1897 జనవరిలో ముందుగా తన ఒంటికే వేసుకొన్నాడు. ఆనాటికే కామాటిపురలో మన తెలుగు కూలీలు తరాలుగా స్థిరపడి ఉన్నారు. బొంబాయిలోని హాఫ్‌కిన్ సంస్థకు ఆ పేరు ఆయనదే.

పారిసులో మెచ్నికాఫ్‌కు ప్రశాంతత దక్కిందనుకోరాదు. జర్మనీ పండితులు ఎదురు తిరిగినారు. కణాలు ఏమీ లేని నెత్తురు నీటికే సూక్ష్మజీవులను చంపే శక్తి ఉన్నదని వారు చూపించినారు. 1890 లో బెర్లినులో బేరింగ్, కితసాతో అనేవారు ధనుర్వాతపు విషాన్ని తట్టుకొన్న జంతువు నెత్తురు నీటిని మరొక జంతువుకు ఎక్కిస్తే అదీ తట్టుకొంటుందని నిరూపించినారు. అప్పుడు కణాలతో పనేమిటి? ఈ ప్రశ్న మెచ్నికాఫ్ జీవితకాలపు పనిని మొదలంటా ఊడ్చివేసేది. ఆయన ప్రతి ఆక్షేపణకూ ఒక ప్రయోగంతో జవాబిచ్చినాడు. కొన్ని జవాబులు నిలబడినవి, కొన్ని నిలబడలేదు.

అన్నిటికన్న గట్టి దెబ్బ సొంత ఇంటిలోనుంచే తగిలింది. ఆయన ప్రయోగశాలలో పనిచేస్తున్న బెల్జియం యువకుడు బోర్డే 1895 లో ఒక సంగతి కనిపెట్టినాడు. కలరా క్రిములను కరిగించే శక్తి నెత్తురు నీటిలో రెండు భాగాలుగా ఉన్నది. ఒకటి టీకావల్ల పుట్టి వేడికి ఆగేది, మరొకటి మామూలుగానే ఉండి వేడికి చెడిపోయేది. ఇది ప్రత్యర్థుల వాదానికే బలం. అయినా గురువు ఆ పరిశోధనను తొక్కిపెట్టలేదు; తన సంస్థ పత్రికలోనే అది అచ్చయింది. ఈ ఒక్క పని మెచ్నికాఫ్ యోగ్యతకు నోబెల్ బహుమానం కన్న మంచి సాక్ష్యమని నా అభిప్రాయం. 1903 లో లండనులో రైట్, డగ్లస్ అనేవారు రాజీ కుదిర్చినారు. నెత్తురు నీటిలోని పదార్థం సూక్ష్మజీవికి అంటుకొంటే భక్షక కణాలు దాన్ని ఆత్రంగా మింగుతవని చూపి, ఆ పదార్థానికి ఆప్సొనిన్ అని పేరుపెట్టినారు. గ్రీకులు రొట్టెతోపాటు నంజుకొనే దానికి ఉన్న మాటనుంచి వచ్చింది ఆ పేరు. ఆవకాయ ముక్క ఉంటే అన్నం ఎట్లా దిగుతుందో మనవారికి వేరే చెప్పనక్కరలేదు.

1908 లో నోబెల్ బహుమానం మెచ్నికాఫ్‌కూ, ఎదుటి పక్షంవాడైన పాల్ ఎర్లిక్‌కూ కలిపి ఇచ్చినారు. ఎర్లిక్ దారి వేరు. చదువుకొనే రోజులనుంచీ ఆయనకు రంగుల పిచ్చి. మన అద్దకంవారు ఏ రంగు ఏ బట్టకు పడుతుందో చూచినట్లు, ఆయన ఏ రంగు ఏ కణానికి పడుతుందో చూచినాడు. ఆమ్లపు రంగు పట్టే గింజలున్నవి ఇసినోఫిల్స్, క్షారపు రంగు పట్టేవి బేసోఫిల్స్, నడిమి రంగు పట్టేవి న్యూట్రోఫిల్స్. గింజలు లేని చిన్న గుండ్రని కణాలు లింఫోసైట్లు. గింజలున్నవి ఎముకల మూలుగలోనూ, లింఫోసైట్లు చంకల్లో, గజ్జల్లో బిళ్ల కట్టే గ్రంథులలోనూ పుడతవని రెండు కుటుంబాలుగా విడదీసినాడు. ఈనాడు మనకు జ్వరం వస్తే లాబరేటరీవాడు చేతికిచ్చే కాగితంలో ఉండే పట్టీ ఎర్లిక్ వేసిన ఆ పట్టీ వంశమే. ఒక ఘనపు మిల్లీమీటరు నెత్తురులో ఎర్ర కణాలు సుమారు 50 లక్షలుంటే, తెల్లవి అన్నీ కలిసి 4 వేలనుంచి 11 వేలవరకు ఉంటవి.

మెచ్నికాఫ్ మాత్రం రంగును కాక తిండిని చూచి విభజించినాడు. చీలిన గింజవంటి కేంద్రకంతో, చురుకుగా పరుగెత్తి, ఇప్పటికిప్పుడు వచ్చిపడిన సూక్ష్మజీవులను మింగేవి మైక్రోఫేజులు, అంటే చిన్న భక్షకాలు. ఎర్లిక్ చెప్పిన న్యూట్రోఫిల్స్ ఇవే. ఒకే పెద్ద కేంద్రకంతో, నిదానంగా, క్షయ కుష్ఠు వంటి దీర్ఘరోగాల క్రిములనూ, ఒంట్లో చచ్చిన కణాల శిథిలాలనూ తినేవి మాక్రోఫేజులు, పెద్ద భక్షకాలు. ఇవి కొన్ని నెత్తురులో తిరుగుతవి, కొన్ని ప్లీహం కాలేయం వంటి అవయవాలలో స్థిరపడి ఉంటవి. చిన్న భక్షకాల పేరు వాడుకలోనుంచి పోయింది. మాక్రోఫేజు అన్న పేరు మాత్రం నేటికీ నిలిచి ఉంది.

ముసలితనంలో ఆయన ఆలోచన కొంత దారి తప్పిందని చెప్పక తప్పదు. తల నెరవడానికి భక్షక కణాలు వెంట్రుకల రంగును తినివేయడమే కారణమన్నాడు. పెద్దపేగులో కుళ్లు ముసలితనాన్ని తెస్తుందనీ, బల్గేరియా రైతులవలె పులిసిన పాలు త్రాగితే దీర్ఘాయువు కలుగుతుందనీ ప్రచారం చేసినాడు. ఐరోపా అంతటా తోడుపెట్టిన పాలకు గిరాకీ పెరిగింది. పెరుగూ మజ్జిగా లేని భోజనం భోజనమే కాదనుకొనే మనకు ఇది వింతగా ఉండదు గాని, ఆయన ఆశించిన నూరేండ్ల నిరూపణ మాత్రం దొరకలేదు. పేగులోని సూక్ష్మజీవులు ఆరోగ్యంలో భాగమన్న ఆయన మాట నేడు మళ్లీ మన్నన పొందుతున్నది.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి, ప్రయోగశాలలోని యువకులు సైన్యంలో చేరిపోగా, గుండెజబ్బుతో 1916 జూలైలో పారిసులోనే మరణించినాడు. వయసు డెబ్బైయొకటి. ఆయన చితాభస్మం పాస్టర్ సంస్థ గ్రంథాలయంలో ఒక కలశంలో ఉంచినారు.

ఆయన తరువాత తెల్ల కణాల లెక్క చాలా మారింది. 1961 లో మిల్లర్ అనే పరిశోధకుడు రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథి పని బయటపెట్టినాడు. 1965 లో కూపర్, గుడ్ అనేవారు కోడిపిల్లల మీద ప్రయోగాలు చేసి, లింఫోసైట్లు రెండు జాతులని తేల్చినారు. థైమస్‌లో తరిఫీదు పొందినవి టి కణాలు. కోడిలో బర్సా అనే సంచిలోనూ, మనలో మూలుగలోనూ తయారయ్యేవి బి కణాలు. మన ఇంటిపేర్లలో ఎన్నో ఊరిపేర్లయినట్లు వీటివి కూడ ఊరిపేర్లే. బెర్లిన్ పండితులు చూచిన నెత్తురు నీటి శక్తికి మూలం బి కణాలనుంచి వచ్చే ప్రతిరక్షకాలే. ఇక 1975 లో బయటపడిన సహజ హంతక కణాలకు పనిని బట్టి పేరు పెట్టినారు. పుట్టుకలో అవి లింఫోసైట్ల దాయాదులు. పనిలో మాత్రం మునుపెన్నడూ చూడని శత్రువు మీద కూడ వెంటనే పడే భక్షక కణాల వైపువి. పుట్టుక పట్టీ ఒకటి వేసి, పని పట్టీ మరొకటి వేస్తే, రెండూ సరిగా ఒకదానిపై ఒకటి కూర్చోవు.

మాక్రోఫేజుల సంగతి మరీ విచిత్రం. అవి అన్నీ మూలుగలో పుట్టిన మోనోసైట్లే నెత్తురులోనుంచి దిగి అవయవాలలో స్థిరపడినవని 1972 లో లైడెన్ నగరపు వాన్ ఫుర్త్ బృందం ప్రకటించింది. నలభై ఏండ్లదాకా అందరూ దాన్నే పాఠంగా చెప్పుకొన్నారు. 2010 లో ఎలుకల పిండాలను గుర్తులు వేసి వెంబడించినప్పుడు వేరే సంగతి తేలింది. మెదడులోని భక్షకాలు మూలుగ ఏర్పడకముందే, పిండాన్ని అంటి ఉండే పచ్చసొన సంచినుంచి బయలుదేరి మెదడు చేరి, అక్కడనే తరతరాలుగా తమంతట తామే వృద్ధి చెందుతున్నవి. పేగు గోడలోని వాటిని మాత్రం నెత్తురునుంచి వచ్చే కొత్తవి నిత్యం భర్తీచేస్తూ ఉంటవి. కాలేయంలోని పాతకాపులు ఎక్కువగా పిండదశలో వచ్చినవే. ఎలుకలలో వాటిని ప్రయోగంగా తొలగించి చూచినారు. ఖాళీ అయిన చోటికి మూలుగనుంచి మోనోసైట్లు వచ్చి దిగినవి. కొద్ది వారాలలో అవి పాతవాటి పనినంతా నేర్చుకొని, గుర్తులు చూస్తే తప్ప ఎవరు ఏ పుట్టుకవారో తెలియనంతగా కాలేయపు కణాలైపోయినవి.